పదకొండు ఎక్స్‌రేలు

రాస్ అల్ ఖైమా కొండల్లో రాయి పగలగొట్టే క్వారీలకు ఏడాదికొకసారి ఒక తెల్ల వ్యాను వస్తుంది. పనివాళ్ళు వరసగా లోపలికెక్కి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని ఒక గొట్టంలోకి ఊదుతారు. ఊపిరితిత్తులు ఎంత గాలి పట్టి ఎంత వదులుతున్నాయో మిషను గీత గీస్తుంది. చూడటానికి తేలికే గానీ చాలామందికి ఒకపట్టాన చేతకాదు. మూతి బిగించాలి, గుండెల నిండా పీల్చుకోవాలి, ఒక్క ఊపులో వదలాలి, ఇక లేదనుకున్నాక కూడా ఆరు సెకన్లపాటు వదులుతూనే ఉండాలి. మధ్యలో దగ్గు వస్తే మళ్ళీ మొదటికే.

ఆ వ్యానులో పన్నెండేళ్ళు నిలబడి తెలుగులో, హిందీలో, అంతో ఇంతో పష్తోలో "ఊదు, ఊదు, ఇంకా ఉండాది, వదలద్దు, శాబాష్" అని అరిచిన మనిషి షేక్ మౌలా సాహెబ్. ఊరు రాయచోటి పక్కన గాలివీడు. 2008లో వ్యాను డ్రైవరుగా వచ్చాడు. మిషను నడిపే టెక్నీషియన్లకు పనివాళ్ళ భాష రాదు. ఈయనకు డ్రైవింగ్ అయిపోతే చేసే పని లేదు. ఒకరోజు ఊరికే లోపలికి తొంగిచూసి, ఊదలేక తంటాలు పడుతున్న ఒక మనిషికి ఎలా ఊదాలో చెప్పాడట. ఆ రోజు నుంచి అది కూడా ఆయన పనే అయింది. రువైస్ నుంచి రాస్ అల్ ఖైమా దాకా ఆయనతో ఊదించుకున్నవాళ్ళు ఎన్ని వేలమందో ఆయనకే తెలియదు.

నా పేరు వాసంతి. మాది అనకాపల్లి. లా చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు పనిచేసి, 2021లో అబుదాబి వచ్చి ఆ పరీక్షలు చేసే కంపెనీలోనే చేరాను. క్వారీలు, ఫ్యాక్టరీలు మాకు పని అప్పగిస్తాయి, మేము పరీక్షలు చేసి రిపోర్టులు వాళ్ళ ఆఫీసులకు పంపుతాం. ఆ ఏడాదే కంపెనీ తన హెడ్డాఫీసును, కంప్యూటర్లలోని రికార్డులన్నిటినీ ఒక ఫ్రీజోన్‌లోకి మార్చింది. ఆ ఫ్రీజోన్‌కు సొంత చట్టం ఉంది: మనుషుల సొంత వివరాలు వాళ్ళకు తెలియకుండా చేతులు మారకూడదని. ఎవరి వివరాలు ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరికి ఇవ్వకూడదో చూడటం నా ఉద్యోగం.

చేరిన రెండో నెలలో సిబ్బందికి ఆ చట్టం గురించి ఒక క్లాసు చెప్పాను. అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అంటే వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. తెల్లగడ్డం, మోకాలికి బెల్టు. మోకాలు అరిగి అప్పటికే వ్యాను ఎక్కడం మానేశాడు, రికార్డుల గదిలో పాత ఫైళ్ళు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు.

"మేడమ్, ఈ చట్టం ఇంతకు ముందు ఎందుకు రాలేదు?" అన్నాడు హిందీలో.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. క్లాసు అయ్యాక బయట నిలబడి ఉంటే పలకరించాను. తెలుగువాడని తెలిసింది. అప్పుడు చెప్పాడు.

2018లో జగిత్యాల వీసా ఏజెంటు ఒకడు ఫోన్ చేశాడట. మన పిల్లలు కొందరికి ఊపిరి బాగాలేదంట కదా, సెలవు మీద వచ్చినప్పుడు మంచి డాక్టరుకు చూపిస్తా, ఎవరెవరో చెప్పు అని అడిగాడు. మౌలా సాహెబ్ నమ్మాడు. గీతలు తక్కువ వచ్చిన పద్నాలుగు మంది పేర్లూ అంకెలతో సహా వాట్సాప్‌లో పంపాడు. ఆ ఏజెంటు వాళ్ళను ఏ డాక్టరుకూ చూపించలేదు. ఆ పేర్లను ఇంకో పదిమంది ఏజెంట్లకు పంచాడు. సెలవు మీద వెళ్ళిన ఇద్దరికి మళ్ళీ వీసా రాలేదు. వాళ్ళలో మల్లేశ్ అనే కుర్రాడు ఏడాది తర్వాత ఈయనకు ఫోన్ చేశాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"తిట్టలేదు మేడమ్. తిడితే బాగుండు. 'నీకేం అన్యాలం చేసిన సాబ్' అని అడిగినాడు. అంతే. పెట్టేసినాడు."

ఆ రోజు నుంచి నేను రాసే రూల్సు అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఆయనే. రికార్డుల గది తలుపు రెండు సార్లు లాగి చూసేవాడు. ముదీర్, అంటే మా పెద్ద మేనేజరే, వచ్చి అడిగినా సంతకం లేనిదే ఫైలు ఇచ్చేవాడు కాదు. నన్ను మేడమ్ అనడం మానేసి అమ్మా అనడం ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తులేదు. మధ్యాహ్నం టీ తెచ్చుకుని నా బల్ల ముందు కూర్చుని, నా గోడకు అంటించిన కాగితం చూసేవాడు.

అది దేశాల జాబితా. మా దగ్గరున్న వివరాలు వేరే దేశానికి పంపాలంటే, ఆ దేశంలో కూడా వాటికి ఇంతే రక్షణ ఉండాలి. అక్కడి చట్టాన్ని ఫ్రీజోన్ అధికారులు చదివి, సరిపోతుందని ఒప్పుకుంటే దాని పేరు జాబితాలో చేరుతుంది. జాబితాలో ఉన్న దేశానికి నేరుగా పంపొచ్చు. లేని దేశానికైతే అడుగడుగునా కాగితాలు.

"జపాన్, కెనడా సరే. ఈ జెర్సీ ఏందమ్మా? ఆవు కదా?" అని అడిగాడొకసారి.

"ఆ ఆవులు పుట్టిన దీవేనండి. చిన్న దీవి. వాళ్ళకీ సొంత చట్టం ఉంది."

"ఆవుల దీవికి ఉండాది, మనకు లేదా?" అని నవ్వాడు. అప్పుడు మాకిద్దరికీ అది నవ్వులాటే.

2023 జనవరిలో పోచన్న ఫోన్ వచ్చింది.

గడ్డం పోచన్నది మెట్‌పల్లి దగ్గర పల్లె. రాస్ అల్ ఖైమా క్వారీలో పదకొండేళ్ళు క్రషర్ మీద పనిచేశాడు. రాయి పిండి అయ్యేచోట నిలబడే పని. ఊదడంలో మొదట్లో అందరికన్నా జోరు అతనేనట. గొట్టం దగ్గర నిలబడి పాట ఎత్తుకునేముందు సవరించుకున్నట్టు గొంతు సవరించుకునేవాడనీ, ఊదాక వెనక వరసలోవాళ్ళ వైపు తిరిగి మీసం దువ్వేవాడనీ మౌలా సాహెబ్ చెప్పేవాడు. 2020లో కరోనా వచ్చి క్వారీ మూసేశాక మిగతావాళ్ళతోపాటు విమానం ఎక్కాడు. మళ్ళీ రాలేదు.

ఫోన్ వచ్చినప్పుడు మౌలా సాహెబ్ నా బల్ల ముందే ఉన్నాడు. మాట సరిగా వినపడక స్పీకర్ పెట్టాడు. అవతల మాటకూ మాటకూ మధ్య గాలి చప్పుడు.

"సాబ్, గుర్తువట్టినవా? నేను పోచన్నను. క్రషర్ పోచన్న."

"ఏమప్పా, ఏమైంది గొంతు అట్ల ఉండాది?"

"దమ్ము వస్తలేదు సాబ్. నాలుగడుగులేస్తే కూసోవట్టె. టీబీ అన్నరు. ఆర్నెల్లు గోలీలు మింగిన. తగ్గలే. మల్ల రెండోపారి మొదలువెట్టిన్రు. గిప్పుడు కండ్లు గూడ మసక కొడ్తున్నయి."

గోలీలు ఎక్కువకాలం వాడితే కొందరికి చూపు దెబ్బతింటుందని తర్వాత తెలిసింది. పోచన్న కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. ఇది టీబీ కాకపోవచ్చు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి ఉండొచ్చు అని ఆయన అనుమానం. స్కానింగులో రెండూ ఒకలాగే ఉన్నాయట. ఏయే ఏడు ఎంత పెరిగిందో చూపించే పాత ఎక్స్‌రేలు ఉంటే తేల్చి చెప్పగలను, గోలీలు ఆపించగలను అన్నాడు. పాత ఎక్స్‌రేలన్నీ మా దగ్గరున్నాయి. 2009 నుంచి 2019 దాకా, పదకొండు.

"జెర పంపరాదు సాబ్. నీ కాల్మొక్త," అన్నాడు పోచన్న.

మౌలా సాహెబ్ నా వైపు చూశాడు. నేను గోడ మీది కాగితం వైపు చూశాను. చూడాల్సిన అవసరం లేదు, నాకు కంఠస్థమే. ఇండియా అందులో లేదు.

"రెండు వారాలు ఆగప్పా, నేను చూస్తా," అని ఫోన్ పెట్టేశాడాయన.

జాబితాలో లేని దేశానికి పంపాలంటే మా కంపెనీ రెండు దారులు పెట్టింది. ఒకటి, అందుకునే ఆసుపత్రి ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి: ఈ వివరాలను మీ చట్టం ప్రకారమే కాపాడతామని, ఎవరైనా దొంగిలిస్తే ఇన్ని గంటల్లో చెబుతామని, తేడా వస్తే ఇక్కడి కోర్టుకు వస్తామని. రెండోది, పోచన్నే స్వయంగా రాసివ్వాలి: నా వివరాలు రక్షణ తక్కువున్న చోటికి వెళ్తున్నాయని తెలిసే ఒప్పుకుంటున్నానని. అయితే రాసింది నిజంగా పోచన్నేనని రుజువు కావాలి.

మొదటి దారి దగ్గరనుకున్నాం. ముప్పై ఒక్క పేజీల ఒప్పందం నేనే తయారుచేసి కరీంనగర్ ఆసుపత్రికి పంపాను. వారం తర్వాత అక్కడి మేనేజరు ఫోన్ చేశాడు.

"మేడమ్, మాకిది అర్థమే కాలేదు. మీ కోర్టుకు రావాలా? ఒక్క పేషెంటు కోసం ఇంత గొడవ మా వల్ల కాదు. మీరే ఎక్స్‌రేలు వాట్సాప్ చేయండి, డాక్టర్ గారు చూస్తారు."

"అలా పంపకూడదండి," అన్నాను.

"పేషెంటువే కదా మేడమ్, ఆయనకే కదా?" అన్నాడు. అతని ప్రశ్నలో తప్పేమీ లేదు.

ముదీర్ దగ్గరకు వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. కానీ అంతకు ముందు ఏడాదే మా కంపెనీ పొరపాటున ఒక ఫైలు వేరేవాళ్ళకు పంపి గట్టి హెచ్చరిక అందుకుంది. "ఇంకొకటి జరిగితే లైసెన్సు పోతుంది. ఒకరి కోసం తలుపు తెరిస్తే రేపు ఏజెంట్లంతా పేషెంట్ల పేరుతో వస్తారు. రెండో దారిలో వెళ్ళు," అన్నాడు. ఆయన చెప్పిన ఏజెంట్ల మాట నిజమేనని నాకూ, మౌలా సాహెబ్‌కూ ఇద్దరికీ తెలుసు.

రెండో దారికి కంపెనీ వెబ్‌సైటులో ఫారం ఉంది. పేరు కొట్టి, ఎమిరేట్స్ ఐడీ నంబరు కొట్టి, ఇక్కడి ఫోనుకు వచ్చే ఓటీపీ కొట్టాలి. పోచన్న ఐడీ వీసాతోపాటే 2020లో రద్దయింది. ఇక్కడి సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. ఆ ఫారం రాసినప్పుడు నేనే సరిచూశాను. దేశం విడిచి వెళ్ళినవాడి గురించి నాకు తట్టనే లేదు. ఇక్కడ పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషీ ఏదో ఒకరోజు దేశం విడిచి వెళ్ళేవాడే.

ఫారం మార్చమని అడిగాను. కమిటీ కూర్చోవాలన్నారు. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. వారానికొకసారి పోచన్న చేసేవాడు. తర్వాత తర్వాత భార్య బాలవ్వ చేసేది.

"అన్నా, ఏమన్న అయిందానే?" ఆమె ఎప్పుడూ అదొక్కటే అడిగేది. కాలేదని చెబితే "సరే మరి, యాదిమరువకు" అని పెట్టేసేది. గట్టిగా మాట్లాడితే పని చెడుతుందని భయపడే మనిషి గొంతు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం మౌలా సాహెబ్ నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. తన ఫోను తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ దగ్గర పెట్టుకో అమ్మా."

"ఎందుకండీ?"

"పోచన్న ఫైలు నా కంప్యూటర్‌లో తెరిచి వచ్చినా. పదకొండు ఫోటోలు. ఒక్కొక్కటి టక్ టక్ అని తీస్తే రెండు నిమిషాల పని. నా చేతిలో ఫోను ఉంటే తీసేస్తా. తీస్తే తప్పా, తీయకపోతే తప్పా నాకు తెలీడం లేదు. పోయినసారి మంచిదనుకునే కదా పంపినా. ఆ మల్లేశ్ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉండాది."

నేను ఏం చేయాలి? 'మీ ఫోను మీరు తీసుకెళ్ళండి సాహెబ్ గారూ, నేను భోజనానికి పోతున్నాను' అనొచ్చు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. కానీ ఫోను తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను. సాయంత్రం ఆయన వెళ్ళేటప్పుడు ఇచ్చాను. థ్యాంక్స్ అమ్మా అన్నాడు. ఆయన అడిగిందే చేశాను అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే. కానీ సొరుగుకు తాళం వేసిన చెయ్యి నాది.

ఆగస్టులో ఒకరోజు ఆయన మెట్లు ఎక్కలేని కాలితోనే గబగబా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, చూసినావా? మన దేశంలో చట్టం వచ్చిందంట! పార్లమెంటులో పాసైందంట. బుష్రా పంపించింది." బుష్రా ఆయన కూతురు, రాయచోటిలో డిగ్రీ చదువుతోంది. "ఇంక మనది కూడా జాబితాలో ఎక్కుతుంది కదా?"

ఆయన్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పాను. "చట్టం పాసవడం ఒకటండి. అది అమల్లోకి రావాలి. దానికి నియమాలు రాయాలి. తప్పు చేస్తే అడిగే బోర్డు ఒకటి పెట్టాలి. అవన్నీ అయ్యాక ఇక్కడివాళ్ళు తీరిగ్గా చదివి, ఇది మా దానికి సరిపోతుందా లేదా అని చూడాలి. ప్రభుత్వం తనకు తాను ఏ మినహాయింపులు ఇచ్చుకుందో చూస్తారు. ఏళ్ళు పడుతుంది. ఒప్పుకుంటారని కూడా లేదు."

"ఏళ్ళా?"

"ఏళ్ళేనండి."

కాసేపు గోడ మీది కాగితం చూస్తూ కూర్చున్నాడు. "చట్టాలు చట్టాలు మాట్లాడుకుని ఒప్పుకునేదాకా ఆయప్ప ఊపిరి నిలబడాల కదమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ కాగితం ముందు కూర్చోవడం మానేశాడు. టీ రికార్డుల గదిలోనే తాగేవాడు.

సెప్టెంబరులో కమిటీ ఒప్పుకుంది: ఐడీ లేనివాళ్ళు పాస్‌పోర్టు నకలు మీద, ఒప్పుకోలు కాగితం మీద నోటరీ చేయించి, అసలు కాగితాలు కొరియర్‌లో పంపితే చాలునని. మౌలా సాహెబ్ ఆ కాగితం తెలుగులో పోచన్నకు ఫోనులో చదివి వినిపించాడు. పోచన్నకు అప్పటికి అక్షరాలు కనపడటం లేదు.

"ఇంకొక దేశంలో నీ వివరాలకు రక్షణ తక్కువని తెలుసా, ఒప్పుకుంటావా అని అడుగుతున్నారప్పా."

"ఇంకో దేశమేంది సాబ్? ఇది నా దేశమేనాయె."

"అట్లనే రాసినారు. ఒప్పుకుంటానని చెప్పు."

"ఒప్పుకుంట. ఏదంటె గది ఒప్పుకుంట."

బాలవ్వ అతన్ని ఆటోలో మెట్‌పల్లి తీసుకెళ్ళి నోటరీ చేయించింది. కొరియర్ అక్టోబరు చివర వచ్చింది. తెరిచి చూసి నేను తల పట్టుకున్నాను. పాస్‌పోర్టులో పోచన్న అని ఇంగ్లీషులో రెండు ఎన్‌లు. మా రికార్డులో ఒకటే. 2009లో క్వారీ గుమాస్తా ఎవరో ఒక అక్షరం మింగేశాడు. పదకొండేళ్ళు అదే నడిచింది. ఇద్దరూ ఒకరేనని ఇంకో ప్రమాణపత్రం కావాలన్నారు. మళ్ళీ ఆటో, మళ్ళీ నోటరీ, మళ్ళీ కొరియర్. ఆ రెండోసారి పోచన్న ఆటో దిగలేకపోతే నోటరీ ఆయనే బయటికి వచ్చి వేలిముద్ర తీసుకున్నాడట.

2024 జనవరి పదహారున పదకొండు ఎక్స్‌రేలు, పదకొండు గీతలు కరీంనగర్ వెళ్ళాయి. పంపే బటన్ మౌలా సాహెబ్ చేత నొక్కించాను. బిస్మిల్లా అని నొక్కాడు. మొదటి ఫోన్ వచ్చిన రోజుకు అటూ ఇటూగా ఏడాది.

డాక్టరు అదే రోజు చూశాడు. సందేహం లేదన్నాడు. అది రాతి దుమ్మే. టీబీ గోలీలు వెంటనే ఆపించాడు. బాలవ్వ ఫోన్ చేసి "పంపినవా అన్నా, దేవునివి నువ్వు" అని ఏడ్చింది. మౌలా సాహెబ్ కూడా ఏడ్చాడు. ఆ రెండు రోజులు ఆఫీసులో అందరికీ ఖర్జూరాలు పంచాడు.

కానీ దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు మందు లేదు. గోలీలు ఆపితే చూపు కాస్త తిరిగి రావచ్చన్నారు. వచ్చే లోపలే, మార్చి మొదటి వారంలో, పోచన్న పోయాడు. నలభై ఆరేళ్ళు. చివరి నెల రోజులూ పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేవాడట.

ఏడాది ముందే ఎక్స్‌రేలు వెళ్ళి ఉంటే బతికేవాడా అని డాక్టరును అడిగాను. "బతికేవాడు కాదు. కానీ ఆ ఏడాది మనిషిలా బతికేవాడు. కళ్ళుండేవి. లేని రోగానికి మందు మింగేవాడు కాదు," అన్నాడు. ఈ మాట నేను మౌలా సాహెబ్‌కు చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

ఆ తర్వాత ఆయన మాట్లాడటం తగ్గింది. పని మాత్రం ఎప్పటిలాగే చేసేవాడు. ఆదివారం సెలవులకు మాత్రం పొద్దున్నే బస్సెక్కి మఫ్రఖ్‌లోని పనివాళ్ళ క్యాంపులకో, రాస్ అల్ ఖైమాకో వెళ్ళిపోయేవాడు. ఎందుకో చాలా రోజులు నాకు తెలియదు. ఒకసారి నేనూ వెళ్ళాను. క్యాంపు మెస్సులో అన్నం తింటున్న వాళ్ళ మధ్య కుంటుకుంటూ తిరుగుతున్నాడు.

"సెలవు మీద పోతాండావా? వీసా ఖలాస్ చేసుకుని పోతాండావా? ఖలాస్ అయితే విను. ఐడీ బతికుండగానే నీ పరీక్ష కాగితాలన్నీ అడిగి తీసుకో. ఈడ ఉండగా అడిగితే ఒక్క రోజు పని. విమానం ఎక్కినాక అడిగితే ఏడాది పని. నా మాట వినప్పా."

కొందరు విన్నారు. చాలామంది తల ఊపి అన్నం కలుపుకున్నారు. ఒకడు "ఊపిరి బాగానే ఉంది చాచా, కాగితం ఏం చేసుకుంట" అన్నాడు. "బాగుండేటప్పుడే తీసుకోవల్ల," అని అక్కడే పక్కన కూర్చుని, అతని ఫోనులో తనే ఫారం నింపాడు.

2025 మే నెలలో ఆయన వీసా రద్దు చేయించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. పదిహేడేళ్ళు. ఆఫీసులో కేకు కోశారు. ముదీర్ భుజం తట్టాడు. వెళ్తూ వెళ్తూ తన సొంత ఎక్స్‌రేలు సంచిలో పెట్టుకుని నాకు చూపించి కొద్దిగా నవ్వాడు.

నవంబరులో మన దేశంలో ఆ చట్టానికి నియమాలు వచ్చాయని వార్త చదివాను. ఎందుకో ఆయనకు చెప్పాలనిపించి ఫోన్ చేశాను. విని "మంచిదమ్మా, మంచిది" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. కాసేపు వాళ్ళావిడ సర్వర్ బేగం గారి ఆరోగ్యం గురించి, బుష్రా ఉద్యోగం గురించి మాట్లాడుకున్నాం. పెట్టేయబోతుంటే ఆయనే అన్నాడు.

"బాలవ్వ కాడికి పోయొచ్చినానమ్మా. రంజాన్ కంటే ముందే పోవల్లనుకున్నా కానీ అప్పుడు అబుదాబిలోనే ఉంటి కదా. పోయిన నెల పోయినా. రాయచోటి నుంచి హైదరాబాద్, ఆడి నుంచి మెట్‌పల్లి."

"ఎలా ఉందండీ ఆమె?"

"బీడీలు చుడతాంది. నన్ను చూసి మంచం వాల్చింది. చాయ్ ఇచ్చింది. లోపలికి పోయి ఒక కవర్ తెచ్చింది. మనం పంపిన ఎక్స్‌రేలు ఆస్పత్రోళ్ళు ఫిల్ములు తీసి ఇచ్చినారంట. దాచిపెట్టుకునింది. ఏది ఏ ఏడుదో చెప్పు అన్నా, నాకు చదవరాదు అనింది."

"చూపించారా?" అని అడిగాను.

"ఎండకు పట్టుకుని ఒక్కొక్కటి చూపించినానమ్మా. ఇది తొమ్మిది. ఇది పది. పదమూడు దాకా అన్నీ నల్లగా, శుభ్రంగా ఉండాయి. పద్నాలుగు దగ్గర పైన తెల్లగా చిన్న చిన్న చుక్కలు. పదిహేను, పదహారు, ఇంకా ఎక్కువ. పంతొమ్మిదిలో మంచు పడినట్ల ఉండాది. ఆమెకు కూడా తెలిసిపోయింది. పద్నాలుగుది మళ్ళీ తీసుకుని ఎండకు పెట్టి చూసింది. 'గప్పుడే ఉన్నయి గదా అన్నా చుక్కలు? గప్పుడే మీకు ఎర్కేనా?' అనింది."

ఆ రిపోర్టులు ఏటా క్వారీ ఆఫీసుకు వెళ్ళాయి. పోచన్న చేతికి ఒక్కటీ వెళ్ళలేదు. ఏ చట్టమూ అడ్డం లేని ఆ రోజుల్లో కూడా, వ్యాను అతని గుమ్మం ముందే ఆగిన రోజుల్లో కూడా, ఎవరూ అతన్ని పిలిచి చెప్పలేదు. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. ఫైలులో ఉంది. దేశం దాటించడం గురించే ఏడాదంతా తన్నుకులాడి, ఆ పేజీ దగ్గర నేను ఆగనేలేదు.

"మీరేం చెప్పారండీ?" అని అడిగాను.

"ఎక్స్‌రే చదవడం నాకు రాదమ్మా, నేను ఊదించేవాణ్ణి మాత్రమే అని చెప్పినా. నిజమే చెప్పినా." మళ్ళీ తనే అన్నాడు, "ఆమె ఫిల్ములన్నీ వరస తప్పకుండా కవర్లో పెట్టుకుని, బస్సుకు టైమైతాందన్నా అని నన్ను రోడ్డు దాకా సాగనంపింది."